ఉద్యోగం పోయింది, లీజు మిగిలింది

ప్రశ్న: నమస్తే అండీ. నేనూ నా భార్యా డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో అద్దెకుంటున్నాం. లీజు ఆగస్టు 1 నుంచి జూలై 31 దాకా. అద్దె నెలకు 1,650 డాలర్లు. చేరేటప్పుడు ఆఫర్ కింద ఒక నెల అద్దె వదిలేశారు. జనవరి 9న నా ఉద్యోగం పోయింది. హెచ్-1బీ ఉద్యోగ వీసా కాబట్టి ఇంకో ఉద్యోగం వెతుక్కోవడానికి ఉన్నది 60 రోజులే. ఇంకోటి దొరికే సూచనలు లేవు, ఫిబ్రవరి నెలాఖరుకు ఇండియా వెళ్లిపోదామనుకుంటున్నాం. లీజింగ్ ఆఫీసులో అడిగితే రెండే దారులన్నారు. జూలై దాకా అద్దె మొత్తం కట్టాలి. లేదంటే 60 రోజుల నోటీసు ఇచ్చి, రెండు నెలల అద్దె బైఅవుట్ ఫీజుగా కట్టి, అప్పట్లో వదిలేసిన నెల అద్దె కూడా వెనక్కివ్వాలి. స్నేహితులేమో "ఎలాగూ దేశం వదిలి పోతున్నావు, తాళాలు వంటింటి గట్టు మీద పెట్టేసి వెళ్లిపో, నీ వెనక ఎవడొస్తాడు" అంటున్నారు. ఇంకొకాయన ఎయిర్‌పోర్టులో ఆపేస్తారని భయపెట్టాడు. మాకు క్రెడిట్ హిస్టరీ లేకపోవడంతో లీజుకు గ్యారంటీ సంతకం మా బావ పెట్టాడు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?

— ఇర్వింగ్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: ముందు ఎయిర్‌పోర్టు సంగతి తేల్చేద్దాం, మీకు కాస్త నిద్రైనా పడుతుంది. అద్దె బాకీ సివిల్ వ్యవహారం. దానికి పోలీసులు రారు, ఇమిగ్రేషన్ కౌంటర్‌లో ఎవరూ మీ లీజు కాగితాలు అడగరు. టెక్సస్ రాజ్యాంగంలోనే అప్పు తీర్చలేదని ఎవరినీ జైల్లో పెట్టకూడదని ఒక చిన్న వాక్యం ఉంది. ఆ భయపెట్టినాయన మాట ఇక్కడితో వదిలేయండి.

తాళాలు గట్టు మీద పెట్టి పొమ్మన్న స్నేహితుల మాటే అసలు ప్రమాదం. మీ వెనక ఎవరూ రారన్నది చాలావరకు నిజమే. కానీ మీ బావ వెనక వస్తారు. ఆయన ఇక్కడే ఉంటాడు, ఇక్కడే ఇల్లు కొనుక్కుంటాడు, ఆయన సోషల్ సెక్యూరిటీ నంబరు లీజు ఫైల్లో ఉంది. గ్యారంటీ సంతకం అంటే మీరు కట్టనిది ఆయన కట్టాలని. బాకీ కలెక్షన్ ఏజెన్సీకి, అంటే బాకీలు వసూలు చేసే కంపెనీకి, వెళ్తే క్రెడిట్ రిపోర్టులో ఏడేళ్లు ఉండగలదు. మీరు రెండేళ్లకో మూడేళ్లకో మళ్లీ వస్తే, అద్దె ఇల్లు అడిగిన ప్రతిచోటా మీ పాత బాకీ ముందుగా పలకరిస్తుంది. మళ్లీ రానే రాననుకుంటున్నారేమో. ఈ మాట అని వెళ్లినవాళ్లలో సగం మంది ఏదో ఒక వీసా మీద తిరిగి రావడం నేను చూశాను. మీరు ఏమీ చేయకముందే బావకు ఫోన్ చేసి పరిస్థితి మొత్తం చెప్పండి. కలెక్షన్ వాళ్ల ఉత్తరం ద్వారా ఆయనకు తెలిస్తే డబ్బు నష్టం ఒకటే కాదు, మాట కూడా పోతుంది.

ఇక లీజింగ్ ఆఫీసు చెప్పిన రెండు దారుల సంగతి. లేఆఫ్ మా సమస్య కాదన్న ధోరణిలో వాళ్లు మాట్లాడి ఉంటారు. కాగితం ప్రకారం అది నిజమే. టెక్సస్‌లో పెద్ద కాంప్లెక్సులు ఎక్కువగా వాడేది టెక్సస్ అపార్ట్‌మెంట్ అసోసియేషన్ తయారుచేసిన లీజు. ఉద్యోగం పోయినా, బదిలీ అయినా, పెళ్లయినా, విడిపోయినా లీజు నుంచి విడుదల ఉండదని అందులో ముందే రాసి ఉంటుంది. మనం ట్యాబ్లెట్ మీద వేలితో సంతకం పెట్టి పడేశాం, ఎవరం చదివాం గనుక! సైన్యంలో పనిచేసేవాళ్లకి బదిలీ ఆర్డరొస్తే, గృహహింస బాధితులకి, ఇంకా ఇలాంటి కొన్ని సందర్భాల్లో మాత్రమే చట్టం మధ్యలో వెళ్లే హక్కు ఇస్తుంది. హీటర్ పనిచేయకపోవడం లాంటి, ఆరోగ్యానికి ముప్పు తెచ్చే సమస్యను రాతపూర్వకంగా చెప్పినా సరైన గడువులో బాగుచేయకపోతే కూడా ఓ దారి ఉంది. అయితే అద్దె బాకీ లేకుండా, చట్టం చెప్పిన వరుసలో నోటీసులు ఇచ్చి ఉండాలి. మీ ఇంట్లో అలాంటి సమస్య ఉన్నట్టు మీరు రాయలేదు కాబట్టి, లేనిది కల్పించవద్దు.

కానీ "జూలై దాకా మొత్తం కట్టాల్సిందే" అన్నదాంట్లో వాళ్లు సగమే చెప్పారు. మిగతా సగం టెక్సస్ ప్రాపర్టీ కోడ్ 91.006 సెక్షన్‌లో ఉంది. అద్దెకున్నవాళ్లు లీజు మధ్యలో ఖాళీ చేసి వెళ్లిపోతే, ఇంటివాళ్లు చేతులు కట్టుకుని కూర్చుని నెలనెలా మీటరు తిప్పడానికి లేదు. ఆ ఇంటిని మళ్లీ అద్దెకివ్వడానికి న్యాయంగా ప్రయత్నం చేసి, తమ నష్టం తగ్గించుకోవాలి. ఈ బాధ్యత మాకు లేదని లీజులో రాసుకున్నా ఆ రాత చెల్లదు. 1997లో టెక్సస్ సుప్రీంకోర్టు కూడా ఒక తీర్పులో ఇదే చెప్పింది. అదే తీర్పులో మనకు కాస్త ఇబ్బంది కలిగించే మాట ఒకటుంది. ఇంటివాళ్లు సరిగ్గా ప్రయత్నించలేదని నిరూపించాల్సిన బాధ్యత అద్దెకున్నవాళ్లదే. దీన్ని గుర్తుపెట్టుకోండి, మీరు ఇప్పటినుంచి చేసే పనులన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి.

అంటే మూడో దారి ఒకటుంది. వాళ్లు దాన్ని పైకి చెప్పరు, అంతే. నోటీసు ఇచ్చి, ఫిబ్రవరి 28న ఖాళీ చేసి తాళాలు చేతికిచ్చి, అది మళ్లీ అద్దెకు పోయేదాకా ఉన్న ఖాళీ నెలలకే బాధ్యత వహించడం. దీనికి రీలెట్టింగ్ ఛార్జ్ అని ఒకటి తోడవుతుంది. పైన చెప్పిన లీజులో అది ఒక నెల అద్దెలో 85 శాతం మించకూడదని ఉంటుంది. ఈ ఛార్జ్ కట్టేస్తే లీజు తీరిపోయిందని చాలామంది అనుకుంటారు. తీరదు. కొత్తవాళ్లను వెతకడానికి అయ్యే ఖర్చు కింద తీసుకునేది అది. లీజును తీర్చేసేది బైఅవుట్. రెండు మాటలూ ఒకటే అనుకుని 1,400 డాలర్లు కట్టి హాయిగా విమానమెక్కి, ఆర్నెల్ల తర్వాత కలెక్షన్ నోటీసు చూసి ఘొల్లుమన్నవాళ్లున్నారు.

మీ అంకెలతోనే లెక్క వేద్దాం. ఈ వారంలో, అంటే జనవరి 16న నోటీసు ఇచ్చారనుకుందాం. 60 రోజులు మార్చి 17కి పూర్తవుతాయి. బైఅవుట్‌కి వెళ్తే మార్చిలో 17 రోజుల అద్దె సుమారు 905 డాలర్లు, రెండు నెలల ఫీజు 3,300. కలిపి 4,205. మూడో దారిలో రీలెట్టింగ్ ఛార్జ్ 1,402 డాలర్ల 50 సెంట్లు, దానికి ఇల్లు ఖాళీగా ఉన్న ప్రతి నెలకూ 1,650. ఆఫర్ కింద వదిలేసిన నెల అద్దె రెండు దారుల్లోనూ తిరిగి అడుగుతారనే అనుకోండి, కాబట్టి పోల్చేటప్పుడు దాన్ని పక్కన పెట్టొచ్చు. ఈ రెండూ సమానమయ్యేది ఒక నెలా ఇరవై రోజుల దగ్గర. అంటే మీ ఇల్లు ఏప్రిల్ 20 లోపు అద్దెకు పోతే మూడో దారి చవక. ఏప్రిల్ మొదటి తారీకుకే పోతే మీకు మిగిలేది దాదాపు 1,150 డాలర్లు. జూన్ దాకా పోకపోతే మాత్రం బైఅవుటే నయమయ్యేది అనిపిస్తుంది.

మరి పోతుందా లేదా అన్నది ఎలా తెలుస్తుంది? ఆఫీసువాళ్లను అడగక్కర్లేదు, వాళ్ల వెబ్‌సైటే చెబుతుంది. మీ ఫ్లోర్ ప్లాన్ పేరు నొక్కి చూడండి. అదే రకం ఇళ్లు పదో పన్నెండో ఖాళీగా కనిపిస్తే, మీ ఇంటి వంతు వచ్చేసరికి ఎండాకాలం వచ్చేస్తుంది. మీ ఇంటికంటే ముందు వాటిని నింపుకోవడం తప్పేమీ కాదు కూడా. ఒకటో రెండో ఉంటే, అదీ 1,650 కంటే ఎక్కువ అద్దెకు పెట్టి ఉంటే, మీ ఇల్లు ఖాళీ అవడం వాళ్లకీ లాభమే. ఈరోజే ఒక స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఖాళీ చేశాక కూడా వారానికోసారి, జూలై దాకా, మీ యూనిట్ నంబరు అక్కడ కనిపిస్తోందా, ఎంతకు పెట్టారు అన్నది తారీకుతో సహా దాచుకోండి. ఇండియాలో కూర్చునైనా చేయగల పని ఇది. మే నెలలో మీ ఇంట్లో వేరేవాళ్లు ఉంటూ, మీకు మాత్రం జూలై దాకా బిల్లు వస్తే, నిరూపించాల్సిన బాధ్యత మనది అన్నానే, ఆ స్క్రీన్‌షాట్లే నిరూపణ. మీరు వెళ్లాక ఆ ఇంటి అద్దె 1,900కి పెంచి పెట్టి "ఎవరూ రావడం లేదు" అంటే, అది న్యాయమైన ప్రయత్నం కాదని అడగడానికి కూడా అవే పనికొస్తాయి.

లెక్క ఇంకా తగ్గించేది ఒకటుంది. మీరే మనిషిని వెతికి తేవడం. మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో రోజూ ఎవరో ఒకరు ఇర్వింగ్‌లో ఇల్లు కావాలని అడుగుతూనే ఉంటారు. కానీ ఇక్కడే మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది. నేనూ తిన్నాను. చాలా ఏళ్ల కిందట ఇలాగే ఊరు మారాల్సి వచ్చి, ఆఫీసులో చెప్పకుండా ఒక తమ్ముడికి ఇల్లు అప్పగించాను. "అన్నా, ప్రతి నెలా ఒకటో తారీకుకు జెల్‌లో డబ్బు పంపేస్తా" అన్నాడు. రెండు నెలలు చేశాడు. మూడో నెల ఫోన్ ఎత్తలేదు. ఇల్లు నా పేరు మీదే ఉంది కాబట్టి ఇల్లు ఖాళీ చేయమనే ఎవిక్షన్ నోటీసు నాకే వచ్చింది, చిరిగిపోయిన కార్పెట్ బిల్లు కూడా నాకే వచ్చింది. నేను పక్క రాష్ట్రంలో ఉన్నా కాబట్టి కారేసుకుని వెళ్లి సర్దుకోగలిగాను. మీరు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉంటారు.

ఆఫీసు అనుమతి లేకుండా వేరేవాళ్లకివ్వడానికి టెక్సస్ చట్టమే ఒప్పుకోదు. అనుమతితో సబ్‌లీజు ఇచ్చినా మీ బాధ్యత మీ నెత్తి మీదే ఉంటుంది, బావ బాధ్యత బావ మీదా ఉంటుంది. మీకు కావాల్సింది అది కాదు. మీరు తెచ్చిన మనిషి ఆఫీసుకెళ్లి సొంతంగా అప్లికేషన్ పెట్టుకుని, వాళ్ల పేరు మీద కొత్త లీజు రాయించుకోవాలి. మీ ముగ్గురినీ, అంటే మిమ్మల్నీ, మీ భార్యనీ, గ్యారంటీ ఇచ్చిన బావనీ, పాత లీజు నుంచి విడుదల చేస్తున్నట్టు ఆఫీసువాళ్లు కాగితం ఇవ్వాలి. ఆ కాగితంలో బావ పేరు ఉందో లేదో మాత్రం రెండుసార్లు చూసుకోండి.

మాట్లాడటం ఎవరితో? ఫ్రంట్ డెస్క్‌లో కూర్చునే లీజింగ్ అమ్మాయితో కాదు. ఆమెకు తగ్గించే అధికారం ఉండదు, పాపం కంప్యూటర్ ఏం చెబితే అది చదువుతుంది. ప్రాపర్టీ మేనేజర్‌ని అపాయింట్‌మెంట్ అడిగి కలవండి. అరవద్దు, చట్టం సెక్షన్లు ముఖాన కొట్టొద్దు, దేశం వదిలిపోతున్నాం మీరేం చేసుకుంటారో చేసుకోండి అన్న ధోరణి అసలే వద్దు. టెర్మినేషన్ లెటర్ కాపీ చూపించి, సూటిగా ఒక బేరం పెట్టండి. ఉదాహరణకు: "ఫిబ్రవరి 28న ఇల్లు శుభ్రంగా అప్పగిస్తాం. ఆ రోజే ఒకటిన్నర నెలల అద్దె ఒకేసారి కడతాం. ఆఫర్ నెల వదిలేయండి, నోటీసు 60 రోజులకు బదులు 43 రోజులుగా తీసుకోండి. ముందే చూపించుకోవడానికి ఇల్లు ఎప్పుడైనా తెరిచి ఉంచుతాం." ఒప్పుకుంటారని హామీ ఇవ్వలేను. కానీ విదేశానికి వెళ్లిపోయినవాళ్ల దగ్గర కలెక్షన్ ఏజెన్సీ ఎంత రాబట్టగలదో మేనేజర్‌కి మనకన్నా బాగా తెలుసు. చేతికొచ్చే చెక్కుకి విలువెక్కువ. నేను చూసినవాటిలో ఎక్కువగా తగ్గేది ఆఫర్ నెల దగ్గరే. మాటల్లో ఏం ఒప్పుకున్నా, ఆ సాయంత్రమే "ఈరోజు మీరు చెప్పింది ఇదీ" అని ఈమెయిల్ పెట్టండి. అయిదు నెలల తర్వాత ఆ మేనేజర్ అక్కడ ఉండకపోవచ్చు.

నోటీసు విషయంలో ఒక్క రోజు కూడా ఆలస్యం చేయొద్దు. బేరం తేలేదాకా ఆగుదామనుకుంటారు, ఆ వారం అద్దె మీ జేబులోంచే పోతుంది. లీజులో నోటీసు ఎలా ఇవ్వాలని రాసుందో అలాగే ఇవ్వండి. అలాగే ఫిబ్రవరి అద్దె మానేసి "డిపాజిట్‌లో చెల్లు వేసుకోండి" అనొద్దు. టెక్సస్‌లో చివరి నెల అద్దెకు డిపాజిట్‌ను అలా సర్దడం కుదరదు, కావాలని అలా చేశారని తేలితే ఎగ్గొట్టిన అద్దెకు మూడు రెట్లు కట్టమనే వీలు వాళ్లకుంది.

డిపాజిట్‌కి మీ వైపు కూడా చట్టం గట్టిగానే ఉంది. ఇల్లు అప్పగించిన 30 రోజుల్లో తిరిగివ్వాలి, లేదా ఏం కోసుకున్నారో పద్దు పంపాలి. రోజువారీ వాడకంతో వచ్చే అరుగుదలకు కోయకూడదు. గోడకు క్యాలెండర్ తగిలించిన మేకు రంధ్రం వేరు, గోడ పగలడం వేరు. దురుద్దేశంతో అట్టేపెట్టుకుంటే 100 డాలర్లూ, తప్పుగా ఉంచుకున్నదానికి మూడు రెట్లూ, లాయరు ఖర్చులూ ఇవ్వాల్సి వస్తుంది. జస్టిస్ కోర్టులో 20,000 డాలర్ల దాకా ఇలాంటి కేసులు లాయరు లేకుండానే వేసుకోవచ్చు. అయితే మెలిక ఒకటుంది. మీ కొత్త అడ్రసు రాతపూర్వకంగా ఇచ్చేదాకా డిపాజిట్ పంపాల్సిన బాధ్యత వాళ్లకు మొదలవదు. ఇండియా వెళ్లేవాళ్లు మర్చిపోయేది ఇదే. బావ అడ్రసు ఇవ్వండి, కలెక్షన్ ఉత్తరాలొచ్చినా వెంటనే తెలుస్తాయి. అలాంటి ఉత్తరం వస్తే, అందిన 30 రోజుల్లోపు ఈ బాకీని ఒప్పుకోవడం లేదు, వివరాలు పంపండి అని రాతపూర్వకంగా జవాబివ్వమని ఆయనకు చెప్పి వెళ్లండి.

ఖాళీ చేసే రోజు ఇల్లంతా వీడియో తీయండి. ఫ్రిజ్ లోపల, అవెన్ లోపల, బాత్‌టబ్ అడుగు కూడా. తాళాలు, గేటు రిమోట్, మెయిల్‌బాక్స్ తాళం చేతికిచ్చి, అందినట్టు రాయించుకోండి. తాళాలు మీ దగ్గరున్నన్నాళ్లూ ఇల్లు మీదే అన్నట్టు లెక్క, అప్పుడు వాళ్లకు వేరేవాళ్లకివ్వలేకపోయామని చెప్పుకోవడానికి సాకు దొరుకుతుంది.

ఇది చదివే మిగతా రాష్ట్రాలవాళ్లకు ఒక మాట. ఈ లెక్కలు టెక్సస్‌వి. న్యూయార్క్‌లో 2019 చట్టం తర్వాత ఇంటివాళ్లకు మళ్లీ అద్దెకివ్వడానికి ప్రయత్నించే ఇదే బాధ్యత వచ్చింది, డిపాజిట్ 14 రోజుల్లో తేల్చాలి. కాలిఫోర్నియాలో 21 రోజులు. ఫ్లోరిడాలో లీజు సమయంలోనే మీరు విడిగా ఒప్పుకుని సంతకం పెట్టి ఉంటే, ముందుగా వెళ్లినందుకు రెండు నెలల అద్దె దాకా తీసుకోవచ్చు. జార్జియాలో మాత్రం ఖాళీ చేసి వెళ్లిపోయిన ఇంటికి కొత్తవాళ్లను వెతకాల్సిన బాధ్యత సాధారణంగా ఇంటివాళ్ల మీద ఉండదు. అట్లాంటావాళ్లు నా మూడో దారి నమ్ముకుని బయల్దేరకండి.

నేను లాయరును కాను. మీ లీజు నేను చూడలేదు. టెక్సస్‌లాహెల్ప్ అనే ఉచిత వెబ్‌సైట్‌లో నోటీసు ఉత్తరాల నమూనాలు, ఉచిత న్యాయసహాయం ఇచ్చేవాళ్ల వివరాలు ఉంటాయి. మేనేజర్‌ని కలిసే ముందు ఒకసారి చూడండి.

చివరగా చిన్న చిన్న సంగతులు. కరెంటు కనెక్షన్ ఏడాది ప్లాన్ అయితే, ఇల్లు మారుతున్నారని రుజువు చూపిస్తే టెక్సస్‌లో ముందుగా ఆపినందుకు జరిమానా వేయకూడదు. కంపెనీకి ఫోన్ చేసి కొత్త అడ్రసు ఇవ్వండి. కానీ తాళాలిచ్చే రోజుకంటే ముందు కరెంటు తీయించొద్దు, కాంప్లెక్సువాళ్లు ఆ రోజులకు విడిగా బిల్లేస్తారు. డిపాజిట్ చెక్కు లీజులో ఉన్న ఇద్దరి పేర్ల మీదా కలిపి రావచ్చు. అది మీ ఇద్దరి పేర్లూ ఉన్న బ్యాంకు ఖాతాలో పడితేనే సులువు. కాబట్టి విమానం ఎక్కేముందు ఆ జాయింటు ఖాతా మూసేయకండి. విదేశం నుంచి చెక్కు ఫోటో తీసి ఫోన్‌లోంచే జమ చేయనిస్తారా అని మీ బ్యాంకును ముందే అడగండి. చేయనిస్తే, బావ దానికి వెనకవైపు సంతకాలు ఎలాగని అడిగితే కంగారు పడకండి. చెక్కును కొరియర్‌లో మీకే పంపమనండి.